షుకూర్ సాయిబు మొక్కు

1974 వైశాఖంలో, చెరుకుపల్లి వీరరాఘవయ్య గారి పెద్దమ్మాయి పెళ్ళిలో, పట్టపగలు పది గంటల ముహూర్తానికి, అబ్దుల్ షుకూర్ సాయిబు గట్టిమేళం తప్పాడు.

గట్టిమేళం అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. తాళి కట్టే క్షణాన పురోహితుడు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అని కేక వేస్తాడు. అప్పటిదాకా నెమ్మదిగా నడుస్తున్న సన్నాయీ డోలూ ఒక్కసారిగా ఎగసి పందిరంతా నిండిపోవాలి. ఎవరు తుమ్మినా, ఎవరు ఏడ్చినా, ఎవరి నోట ఏ పాడు మాట జారినా అది పెళ్ళివారి చెవిన పడకూడదు. ఆ అరనిమిషం కోసమే మేళాన్ని పిలుస్తారు. మిగతాదంతా కాలక్షేపం అనుకోండి, తప్పులేదు.

ఆ రోజు పురోహితుడు చెయ్యెత్తాడు. సాయిబు రొమ్ము నిండా గాలి పీల్చి ఊదాడు. ఊదీ ఊదగానే పైవరుసలో ముందు పన్ను ఒకటి చిగురులో కదిలి పక్కకి ఒరిగింది. పెదవుల మధ్య నుంచి సన్నాయి పీక జారిపోయింది. కీచుమని ఒక చప్పుడు, అంతే. పక్కన డోలు వాయిస్తున్న యలమంద బిత్తరపోయి చెయ్యి ఆపేశాడు. సరిగ్గా అప్పుడే వెనక వంటల దగ్గర ఎవడో మహానుభావుడు "మాడిపోయిందిరోయ్, మొత్తం మాడిపోయింది!" అని గావుకేక పెట్టాడు. వాడు అన్నది పప్పు గురించే. కానీ మూడుముళ్ళు పడుతున్నది కూడా అప్పుడే.

వీరరాఘవయ్య గారు పెద్దమనిషి. పల్లెత్తు మాట అనలేదు. ఇవ్వాల్సిన పంచె, తాంబూలం ఇచ్చి పంపించాడు. వాకిటి దాకా మాత్రం రాలేదు. పాతికేళ్ళలో షుకూర్ సాయిబుని వాకిటి దాకా సాగనంపని ఇల్లు అదొక్కటే. బస్సు రేపల్లె చేరేదాకా సాయిబూ యలమందా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

షుకూర్ సాయిబుది రేపల్లె. స్టేషనుకి అవతల రెండు గదుల పెంకుటిల్లు. తాత సన్నాయి, తండ్రి సన్నాయి, ఏడో ఏట నుంచీ తనూ సన్నాయే. శుక్రవారం మసీదుకి పోతాడు, శనివారం వెంకటేశ్వరస్వామి పల్లకీ ముందు ఊదుతాడు. ఈ రెండింటి మధ్యా ఇబ్బంది ఏమిటని అడిగేవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టలేదు. అరవైల్లో ఆయన పేరు భట్టిప్రోలు నుంచి బాపట్ల దాకా మోగిపోయింది. ఆ సంగతి ఆయనకి అందరికన్నా బాగా తెలుసు. ఇస్త్రీ లాల్చీ వేసుకుని, చెవి పక్క అత్తరు దూది పెట్టుకుని, కల్యాణం తన కోసమే జరుగుతున్నట్టు పందిట్లోకి నడిచి వచ్చేవాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ నడకకి తగ్గట్టే ఊదేవాడు.

పెళ్ళిళ్ళ మనిషికి రెండు అలవాట్లు వాటంతటవే వస్తాయి. ఒకటి తీపి. పెళ్ళివారి కాఫీలో పంచదార గరిటెతో పోస్తారు. ఆ పైన లడ్డూ, బూరె, జిలేబీ, అరిసె. వద్దంటే ఎవరూరుకుంటారు? రెండోది మందు. నిషేధం ఉన్న రోజుల్లో గొడ్లచావిట్లో గడ్డివాము చాటున ఇచ్చేవాళ్ళు, అది ఎత్తేశాక బాహాటంగానే సీసా తెచ్చిపెట్టారు. "దమ్ము కోసం" అనేవాడు సాయిబు. గొంతులో ఒక గుక్క పడితే గాని ఊపిరి గట్టిపడదని తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా అది లేకుండా ఊది చూసిన పాపాన పోలేదు.

చెరుకుపల్లి నుంచి వచ్చిన మర్నాడు పీక కడుగుతుంటే భార్య నాగూర్‌బీకి దాని మీద నెత్తురు కనపడింది. ఆవిడ మారుమాట్లాడకుండా చీర మార్చుకుని మొగుణ్ణి తెనాలి బండెక్కించింది.

తెనాలిలో డాక్టరు హైమావతి గారు నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూసింది.

"రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారు?"

"పళ్ళకీ దానికీ సంబంధం ఏంటండి డాక్టరమ్మా?"

"చెప్తాను. ముందు ఈ సీసాలో పోసి తీసుకురండి."

ఆవిడ ఒక గాజుగొట్టంలో నీలం మందు పోసి, సాయిబు నింపి తెచ్చిన సీసాలోంచి ఎనిమిది చుక్కలు అందులో కలిపి, స్పిరిట్ దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చగా మారింది, పసుపయింది, చూస్తుండగానే ఇటుక రంగుకి తిరిగింది. సాయిబు అదేదో గారడీ అన్నట్టు నోరు వెళ్ళబెట్టి చూశాడు.

"నీలంగా ఉండిపోతే మీరు బాగున్నట్టు. ఇటుక రంగు వచ్చిందంటే ఒళ్ళంతా షుగరే," అంది డాక్టరమ్మ. "అది మీ చిగుళ్ళని తినేస్తోంది. ఊగే పన్ను ఇక నిలవదు, పీకించేయండి. పక్కన ఇంకో మూడు కదలడం మొదలుపెట్టాయి. వాటిని నిలబెట్టుకోవచ్చు. మాత్రలు నేనిస్తాను, ఉప్పునీళ్ళు పుక్కిలించండి. కానీ తీపీ తాగుడూ మీరే మానాలి. మానకపోతే వచ్చే ఏడాది ఈపాటికి ఆ మూడూ ఉండవు."

"పళ్ళు లేకపోతే పీక నిలవదమ్మా. పీక నిలవకపోతే సన్నాయి లేదు."

"అందుకేగా చెప్తున్నాను."

"తాగుడు పెద్దగా లేదండి. దమ్ము కోసం కాస్త..."

"కాస్తా!" నాగూర్‌బీ అందుకుంది. "ముహూర్తానికి ముందొకటి, భోజనాల ముందొకటి, యలమంద తోడని ఇంటికొచ్చేటప్పుడొకటి. ఇంకా చెప్పమంటారా డాక్టరమ్మా?"

సాయిబు భార్య వంక గుర్రుగా చూశాడు. తరవాత నిటారుగా కూర్చున్నాడు. "సరేనండి. ఇవాళ్టి నుంచి రెండూ బందు. నేను షుకూర్ని. అన్నమాట తప్పను." మొన్ననే గట్టిమేళం తప్పినవాడు ఆ మాట అంత ధీమాగా అంటుంటే డాక్టరమ్మకి నవ్వొచ్చింది గాని ఆపుకుంది.

ఆమె పొరపడింది. అన్నంత పనీ చేశాడాయన. తెనాలిలోనే పన్ను పీకించుకున్నాడు. ఇంట్లో దాచుకున్న సీసా నాగూర్‌బీ చేతికిచ్చి పెరట్లో పారబోయించాడు. మొదటి వారం చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి, ఎదురొచ్చిన ప్రతివాడి మీదా కస్సుమన్నాడు. పంచదార లేని కాఫీ తాగుతూ ఇది కాఫీయా కషాయమా అని కేకలేశాడు. కేకలేస్తూనే తాగాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఆ నెలంతా పన్ను పోయిన సందు తగలకుండా పీకని ఎడంపక్కకి పట్టి ఊదడం నేర్చుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ మొదటి పాఠం! ఇరుగుపొరుగు చెవులు మూసుకున్నారు. ఆయనకేం సిగ్గెయ్యలేదు.

నాగూర్‌బీ డాక్టరమ్మ దగ్గర ఆ నీలం మందు, గాజుగొట్టం, దీపం పట్టుకొచ్చింది. శుక్రవారం శుక్రవారం పొద్దున్నే పరీక్ష. ఇటుక రంగు పోయి పసుపొచ్చింది. పసుపు పోయి ఆకుపచ్చ. శ్రావణం వచ్చేసరికి, అదిగో, నీలం! చిగుళ్ళ వాపు తీసింది. మూడు పళ్ళూ కుదురుకున్నాయి.

మందు లేకుండా మొదటి పెళ్ళి భట్టిప్రోలులో. పీక నోట పెట్టేటప్పుడు ఊపిరి అందుతుందో లేదోనని సాయిబు భయపడ్డాడు. అందింది. గుక్క తిప్పుకోకుండా ముందుకన్నా ఎక్కువే అందింది. వచ్చిన చిక్కల్లా చెవులతో. యలమంద డోలు గుర్రబ్బండిలా ముందుకి పరిగెడుతోంది. స్నాతకం అయ్యాక పక్కకి లాగాడు.

"ఏంటిరా ఆ పరుగు? బండేమన్నా దాటిపోతోందా?"

"నేను పరిగెత్తడమేంటన్నా?" యలమంద కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇరవయ్యేళ్ళుగా ఇదే నడక. నువ్వే ఇవాళ ఈడ్చుకుంటా పోతున్నావు."

సాయిబు గుర్తు తెచ్చుకుని చూశాడు. నిజమే కదా! ఇరవయ్యేళ్ళుగా ఇద్దరూ తాగే వాయించారు, ఇద్దరూ కలిసే పరిగెత్తారు. జనం ఆహా అన్నారు, తను లాల్చీ సర్దుకున్నాడు. ఆ ఇరవయ్యేళ్ళ వాయింపు తలచుకుంటే ఒళ్ళు చచ్చిపోయినంత సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే పట్టుదలా వచ్చింది. "తాగి డోలు తగిలించుకునేట్టయితే నా పక్కన నుంచోమాక," అనేశాడు.

యలమంద అలిగి పదిహేను రోజులు కనపడలేదు. తరవాత ఓ సాయంత్రం వచ్చి వసారాలో చతికిలబడ్డాడు. "వాయింపు అయ్యేదాకా ముట్టను. అయ్యాక నా ఇష్టం. నన్ను మరీ సన్యాసిని చెయ్యమాకన్నా." సాయిబు ఒప్పుకున్నాడు. ఆ సంవత్సరం వాళ్ళ మేళం విన్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు, అటువంటి నడక అంతకుముందు వినలేదని.

ఇక్కడితో కథ సుఖంగా ముగిసేదే. పాడు చేసింది ఆయన నోరే.

రేపల్లెలోనే ఒక పెళ్ళి. పెళ్ళికూతురి నాయనమ్మ బసవమ్మ గారు పళ్ళెంలో లడ్డూలు పట్టుకుని మేళం దగ్గరికొచ్చింది. సాయిబు వద్దన్నాడు.

"వద్దంటే ఏంటయ్యా? తీపి తినని నోటితో మంగళవాద్యమా? మా పిల్ల పచ్చగా ఉండాలా వద్దా?"

జబ్బు పేరు శుభమా అని పెళ్ళింట్లో ఎలా ఎత్తడం? జబ్బు మనిషి చేత ఊదించారా అని రేపు ఎవరైనా అంటే మళ్ళీ ఎవరు పిలుస్తారు? క్షణంలో ఇదంతా తలలో తిరిగి, నోరు తనంతట తాను ఒక మాట అనేసింది: "మొక్కుందమ్మా. నాగూరు దర్గాకి. ఏడాది పాటు తీపి ముట్టనని."

బసవమ్మ గారు లెంపలేసుకుంది. "అయ్యో, మొక్కున్నవాణ్ణా బలవంతపెట్టాను!" అని పళ్ళెం వెనక్కి తీసుకుంది. ఆ పూట సాయిబు తన తెలివికి తనే మురిసిపోయాడు. ఎంత సుళువుగా తేలిపోయింది!

సుళువు ఎక్కడిది? షుకూర్ సాయిబు మొక్కు పట్టాడని వారం తిరక్కుండా ఊళ్ళన్నీ పాకిపోయింది. మొక్కున్న మనిషంటే మనవాళ్ళకి ఎంత గౌరవమో మీకు తెలియంది కాదు. మర్నాటి నుంచి పెళ్ళివాళ్ళు లడ్డూ తిన్నగా ఇవ్వడం మానేశారు. ముందు దేవుడి గదిలో పెట్టి, పువ్వు తాకించి, అప్పుడు తెచ్చి చేతిలో పెట్టారు. "ప్రసాదం సాయిబూ. మొక్కున్నవాళ్ళకి ప్రసాదం తప్పులేదు. కాదంటేనే తప్పు." చక్రపొంగలి, కొబ్బరీ బెల్లం, పంచామృతం, అప్పాలు. మామూలు రోజుల్లో ఒక ముక్క ఇచ్చే చేతులు మొక్కున్నవాడని రెండేసి ఇచ్చాయి. దేవుడి ముందు నించుని ఊదే మనిషి దేవుడిచ్చింది ఏ మొహంతో కాదంటాడు? కళ్ళకద్దుకుని తిన్నాడు. నిజం చెప్పొద్దూ, అందులో కాస్త సంతోషంగానే తిన్నాడు.

మాఘమాసంలో ఒక శుక్రవారం నాగూర్‌బీ గాజుగొట్టం ఆయన మొహం ముందు పెట్టింది. ఇటుక రంగు.

"ఏంటిది?"

"ప్రసాదమే," అని జరిగింది చెప్పాడు.

"మొక్కా? నాగూరుకా? నా పేరున్న దర్గా మీదే అబద్ధమాడావా?" ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది. "సారా మానగలిగిన మొగాడివి, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"జబ్బని చెప్తే శుభకార్యానికి పిలుస్తారటే? పిలుపులాగిపోతే ఈ సన్నాయి గోడకి తగిలించుకోవడమే."

"పళ్ళూడితే పిలుస్తారా?"

 ఆయనకి పై చిగురు అప్పటికి వారం రోజులుగా సలుపుతోంది. భార్యకి చెప్పలేదు, అంతే.

శ్రీరామనవమికి బాపట్లలో కల్యాణం. పందిరి పెద్ద రాఘవయ్య గారు రైస్‌మిల్లు యజమాని. పదిహేనేళ్ళుగా ఆ పందిట్లో మేళం షుకూర్ సాయిబుదే. కర్లపాలెం మీదుగా పోయే బస్సులో యలమంద పక్కన కూర్చుని సాయిబు నెమ్మదిగా అడిగాడు: "చెప్పేస్తే ఏమవుద్దంటావు?"

"పక్క వీధి పందిట్లో పొన్నూరు మేళం ఉందన్నా. చెప్పిన మరుక్షణం వాళ్ళని లాక్కొస్తారు. చెప్పకు."

సాయిబు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాలుకతో పళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు. ఒకటి కదిలింది.

పదకొండు గంటలకి పందిరి కిటకిటలాడుతోంది. కల్యాణం మొదలవబోతుండగా రాఘవయ్య గారు పట్టుపంచె కట్టుకుని, ఇత్తడి గ్లాసు నిండా పానకం పట్టుకుని, తనే స్వయంగా మేళం దగ్గరికి వచ్చాడు.

"రాములవారి పానకం. మొక్కున్న మనిషివి, మొదటి గ్లాసు నీదే సాయిబూ."

మిరియాలూ ఏలకులూ కలిసిన బెల్లం వాసన గుప్పున కొట్టింది. నోరూరింది. ఒక్క గ్లాసుకి ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ ఇవాళ ఈ గ్లాసు, రేపు ఆ ముక్క, ఎల్లుండి ఇంకొకటి. ఎక్కడ ఆగుతుందో ఆయనకి తెలుసు. గట్టిమేళం దగ్గర ఆగుతుంది. గ్లాసు రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, పీట మీద పెట్టాడు.

"బాబుగారూ, రాములవారి ముందు అబద్ధం నావల్ల కాదు. నాకు మొక్కూ లేదు, గిక్కూ లేదు. షుగరు జబ్బుంది. తాగుడు మానేశాను, తీపి మానలేక చస్తున్నాను. మీరంతా ప్రేమగా పెట్టేది తింటే నా పళ్ళూడతాయి. పళ్ళూడితే సన్నాయి పోద్ది. మన్నించండి, నేను తాగను."

 అరుగు మీది పెద్దాయన ఒకడు గొణిగాడు: "రోగిష్టి మనిషి చేత దేవుడి పెళ్ళికి ఊదించడం..." ఇంకొకడు, "పొన్నూరు వాళ్ళు పక్కనే ఉన్నారు," అన్నాడు. రాఘవయ్య గారు ఏమీ తేల్చుకోలేక నిలబడిపోయాడు. సాయిబు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని తలెత్తి చూస్తూ కూర్చున్నాడు. లేచి పొమ్మంటే పోవడానికే సిద్ధపడ్డాడు. తల మాత్రం దించలేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి రాఘవయ్య గారి భార్య మాణిక్యాంబ గారు లేచింది.

"మీకూ ఉందిగా ఆ జబ్బు!"

"నాకా?" రాఘవయ్య గారు తడబడ్డాడు. "ఎవరు చెప్పారే నీకు?"

"పెరట్లో చీమలు చెప్పాయి. మీరు పోసిన చోటల్లా బారులు కడుతుంటే నాకు కళ్ళు లేవనుకున్నారా? సీతమ్మని ధారపోయడానికి పీటల మీద కూర్చునే మీకుంటే దోషం లేదు, ఊదేవాడికుంటే దోషమా? పొన్నూరు వాళ్ళని పిలుస్తారో, ముందు మీరు పీటల మీంచి లేస్తారో తేల్చుకోండి."

పందిరంతా గొల్లుమంది. రాఘవయ్య గారు మొహం తుడుచుకుని, గొణిగిన పెద్దాయన వైపు ఒక చూపు చూసి, "కానీయ్ సాయిబూ," అన్నాడు.

మాంగల్యధారణ వేళ పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం! షుకూర్ సాయిబు పీకని పెదవుల ఎడంపక్కకి పట్టి ఊదాడు. యలమంద డోలు ఒక్క మాత్ర ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. పందిరి రాటలు అదిరాయి. అరనిమిషం చాలేదానికి రెండు నిమిషాలు ఊదాడు మహానుభావుడు, పురోహితుడు చాలు చాలని చెయ్యి ఊపేదాకా. కదులుతున్న పన్నుతోనే ఊదాడు. పీక జారలేదు.

కల్యాణం అయ్యాక జనం పానకం మీద పడ్డారు. సాయిబు చెమట తుడుచుకుంటుంటే మాణిక్యాంబ గారు ఆకు దొన్నె ఒకటి తెచ్చి ముందు పెట్టింది. నానబెట్టిన పెసరపప్పు, కాస్త కొబ్బరి, మామిడికాయ తురుము.

"వడపప్పు. ఇదీ రాములవారి ప్రసాదమే. ఇందులో బెల్లం లేదు, తిను."

సాయిబు దొన్నె అందుకున్నాడు.

"మొన్న మా ఇంట్లో వ్రతానికి వచ్చినప్పుడు నా చేత్తోనే నాలుగు అప్పాలు పెట్టానే! మొక్కున్నవాడని ఏరి ఏరి పెట్టాను," అందావిడ. "ఇన్ని నెలలుగా మా చేతుల్తో మేమే నీ నోరు పాడుచేశామన్నమాట. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయిందయ్యా?"

ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆపుకోలేదు.

"తెలిస్తే ఇంక పిలవరేమోనని భయపడ్డానమ్మా."

మాణిక్యాంబ గారు కోపం పోని మొహంతోనే ఆయన ఎదురుగా కూర్చుంది.

"మా మనవరాలికి సంబంధం కుదిరి నెలయింది," అంది. "పంతులు ముహూర్తాలు మూడు రాసిచ్చాడు. నీకేది వీలో కనుక్కుని పెట్టుకుందామని ఇంకా ఎవరికీ చెప్పలేదు."